గోదారి లెక్క... గడియారం లెక్క

ధవళేశ్వరంలోని ఆ ఇంట్లోంచి గోదారి కనిపించదు. వరదొస్తే మాత్రం వినిపిస్తుంది. రాత్రి పొద్దుపోయి, రోడ్డుమీద లారీల రొద సద్దుమణిగాక, బ్యారేజీ గేట్ల కిందినుంచి దూకే నీళ్ల హోరు గోడల్లోంచి వచ్చి మంచం కోళ్లను తాకినట్టుంటుంది.

2022 జులై రెండోవారంలో ఆ హోరు పగలు కూడా వినిపించింది. ఇంటి పెద్దాయన టీవీ ముందు కూర్చుని, వార్తల్లో అంకె చెప్పినప్పుడల్లా పాత నోటుబుక్కులో రాసుకుంటున్నారు. ఎడమపక్క టైము, కుడిపక్క నీటిమట్టం. ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్లయింది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసి రాయడమే ఒకప్పుడు ఆయన పని. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదారి విరుచుకుపడినప్పుడు, గొడుగూ టార్చిలైటూ పట్టుకుని గంట గంటకీ రాసినవాళ్లలో ఆయనా ఒకరు.

ఆయన కొడుకుదీ లెక్కలు రాయించే ఉద్యోగమే. కాకపోతే అవి నీళ్ల లెక్కలు కావు. డెల్టాలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీలో అతను నెట్‌వర్క్ చూస్తాడు. మూడువేల ఫోన్లూ కంప్యూటర్లూ రాత్రింబవళ్లూ ఎటు వెళుతున్నాయో, ఎంత మోసుకొస్తున్నాయో నమోదు చేయించడం అతని డ్యూటీ. 'నాన్న గోదారి కొలిచారు, నేను పిల్లకాలవ కొలుస్తున్నా' అని నవ్వేవాడు. ఆ జులైలో మాత్రం నవ్వలేకపోయాడు.

ఒకే డోర్ నంబరు... వేల గదులు

కాలేజీకి పోలీసులనుంచి ఓ ఉత్తరం వచ్చింది. నెలన్నర కిందట ఎవరో ఓ విద్యార్థిని పేరుతో సోషల్ మీడియాలో దొంగ ఖాతా తెరిచారు. ఆ అమ్మాయి ఫొటోలు పెట్టి, రాయకూడని రాతలు రాశారు. ఇంట్లోవాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ ఖాతా ఎక్కడినుంచి తెరిచారో కంపెనీ చెప్పింది. చూస్తే అది ఈ కాలేజీ ఇంటర్నెట్ అడ్రసే! తేదీ, సమయం, పోర్టు నంబరు ఇచ్చి, ఆ మనిషెవరో చెప్పమని అడిగారు.

అడ్రసు దొరికితే మనిషి దొరికినట్టే కదా అనిపిస్తుంది. కానీ కాదు. బయటి ప్రపంచానికి కాలేజీ మొత్తానికీ కలిపి ఒకే డోర్ నంబరు. రాజమండ్రి రైల్వేస్టేషన్ దగ్గర లాడ్జి అనుకోండి. అందరి ఉత్తరాలూ ఒకే చిరునామాకి వస్తాయి. ఎవరిది ఏదో తెలియాలంటే గది నంబరు కావాలి. కంప్యూటర్ భాషలో ఆ గదికి పోర్టు అని పేరు. చిక్కేమిటంటే ఈ లాడ్జిలో ఎవరూ రాత్రంతా ఉండరు. ఈ నిమిషంలో ఒకరు దిగుతారు, కాసేపటికి ఖాళీ చేస్తారు, అదే గదిలో ఇంకొకరు దిగుతారు. కాబట్టి గది నంబరుతో పాటు సమయం కూడా సరిగ్గా తెలియాలి. ఆ వివరాలన్నీ రాసే రిజిస్టరే లాగ్.

కాలేజీ దగ్గర ఆ రిజిస్టరు ఉంది. మైఎస్‌క్యూఎల్ అనే మామూలు డేటాబేసులో ఏడాదిగా పోగుపడుతోంది. ఉండటం వేరు, వెతకడం వేరు! సెకనుకి సగటున 200 వరసలు అనుకున్నా, రోజుకి కోటీ 72 లక్షల 80 వేలు. ఆర్నెల్లకి 311 కోట్లు. అతను సాయంత్రం ప్రశ్న వేసి ఇంటికెళితే, పొద్దున్నకి యంత్రం బిగుసుకుపోయి ఉండేది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. మూడోరోజుకి ఒక జవాబొచ్చింది. ఆ తేదీన సాయంత్రం 6 గంటల 50 నిమిషాలకి ఆ గదిలో ఉన్నది ఫలానా ఫోను.

ఆ ఫోను కోనసీమ లంకగ్రామానికి చెందిన రెండో ఏడాది కుర్రాడిది.

పడవెక్కి వచ్చిన తండ్రి

ప్రిన్సిపాల్ గదిలో ఆ పిల్లాడు అడిగినదానికి జవాబు చెప్పాడు. "ఆ టైములో ఫోను నా దగ్గరే ఉందండి. కానీ ఆ పని నేను చెయ్యలేదండి." అంతకుమించి మాట రాలేదు. సాయంత్రానికి హాస్టల్లో అందరికీ తెలిసిపోయింది. మెస్సులో అతని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

తండ్రికి కబురు పెట్టారు. అప్పటికి గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటి లంకల్ని ముంచెత్తుతోంది. జులై 16 ప్రాంతంలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించిపోయింది. ఆయన భార్యనీ తల్లినీ పునరావాస కేంద్రంలో ఉంచి, పశువుల్ని ఏటిగట్టు ఎక్కించి, పడవమీద ఒడ్డుకొచ్చి బస్సెక్కాడు. లుంగీ మోకాళ్లదాకా బురద. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. "మావోడు అలాంటోడు కాదండి. ఆయ్. మీరు ఇంకోసారి చూడండి బాబూ" అన్నాడు.

ఇంకోసారి చూడండి! ఆ మాట నెట్‌వర్క్ చూసే అతని గుండెల్లో ముల్లులా దిగింది. ఎందుకంటే అతను ఒక్కసారే చూశాడు. అంతకుమించి చూసే ఓపిక ఆ యంత్రానికి లేదు. ఒక్క జవాబుకి మూడురోజులు పడితే, 'ఇది నిజమేనా?' అని రెండో ప్రశ్న వేయడానికి ఎవరికి తీరిక ఉంటుంది? మొదటి జవాబే తీర్పయిపోతుంది.

చిట్టా కాదు... ఆవర్జా కావాలి

పాత షావుకార్ల కొట్లలో రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఆరోజు జరిగింది జరిగినట్టు వరసగా రాస్తారు. ఆవర్జాలో మనిషికో పేజీ. ఫలానా ఆసామి బాకీ ఎంతో చెప్పాలంటే చిట్టా మొత్తం తిరగేయరు, ఆవర్జా తీస్తారు.

మామూలు డేటాబేసు చిట్టాలాంటిది. ఒక్కో సంఘటనకి ఒక్కో వరస. టైము, ఎవరు, ఎటు, గది నంబరు, ఎంత మోత... అన్నీ పక్కపక్కనే. మీకు కావలసింది గది నంబరే అయినా వరస మొత్తం చదవాలి. సూచిక రాసుకుంటే వెతకడం తేలికే. కానీ సెకనుకి వందల వరసలొచ్చి పడుతుంటే, ప్రతి వరసకీ నాలుగైదు సూచికలు దిద్దుకుంటూ కూర్చుంటే రాతే వెనకబడుతుంది.

దీనికి కొందరు వేరే దారి కనిపెట్టారు. వరసల్ని కాకుండా గడుల్ని విడదీసి దాచడం. టైములన్నీ ఒక పుస్తకం, గది నంబర్లన్నీ ఇంకో పుస్తకం, వెళ్లిన అడ్రసులు మరో పుస్తకం. గది నంబరు కావాలంటే ఆ ఒక్క పుస్తకమే తెరుస్తారు. పైగా ఒకే గడిలో ఉండేవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి బాగా కుదించి పెట్టొచ్చు. రోజంతా ఒకే తేదీ అయితే కోటిసార్లు రాయక్కర్లేదు. ఒకసారి రాసి 'కోటిసార్లు' అనుకుంటే చాలు.

రష్యాలోని యాండెక్స్ సంస్థ, వెబ్‌సైట్ల రాకపోకలు లెక్కపెట్టే తన సేవకోసం ఇలాంటి డేటాబేసు తయారుచేసుకుంది. పేరు క్లిక్‌హౌస్. 2016లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఇందులో ప్రతి వరసకీ సూచిక ఉండదు. మామూలుగా 8,192 వరసలకి ఒక గుర్తు ఉంటుంది, రోడ్డుపక్క మైలురాయిలా. అందుకే సూచిక చిన్నది, వెతుకులాట వేగం.

ఇక కాలేజీలో రాకపోకల్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఎన్‌టాప్‌ఎన్‌జీ. ఇటలీలోని పీసాలో పుట్టింది. లూకా డేరి అనే ఆయన 1998లో మొదలుపెట్టిన ఎన్‌టాప్‌కి ఇది కొత్త తరం. పీసా అనగానే ఒరిగిన గోపురం గుర్తొస్తుంది గానీ, మన దేశపు అంకెల్ని యూరపుకి నేర్పిన ఫిబొనాచిదీ ఆ ఊరే. 1202లో ఆయన రాసిన పుస్తకంతో అటెళ్లిన అంకెలు, ఎనిమిది వందల ఏళ్ల తర్వాత అక్కడి సాఫ్ట్‌వేర్‌గా గోదారి గట్టుకి తిరిగొచ్చి మన పిల్లల ఫోన్లను లెక్కపెడుతున్నాయి! ఆ ఎన్‌టాప్‌ఎన్‌జీ పాత వివరాలు దాచుకోవడానికి 2022లోనే క్లిక్‌హౌస్‌తో చెయ్యి కలిపింది. ఆ సంగతి చదివి, కాలేజీలో పెడదామని అతను అడిగాడు కూడా. 'ఇప్పుడేం తొందర?' అన్నారు.

ఇప్పుడు తొందరొచ్చింది.

బస్తాలకెత్తితేనే బండి కదులుతుంది

స్టోర్‌రూములో మూలపడ్డ ఓ పాత సర్వర్‌ని దులిపి, కొత్త డిస్కు వేసి, రాత్రికి రాత్రి కూర్చున్నాడు. మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. పాత లాగ్‌లోంచి ఒక్కో వరసా తీసి కొత్తదాంట్లో వేసేలా ప్రోగ్రాం రాశాడు. కాసేపటికే అది మొరాయించింది. క్లిక్‌హౌస్‌కి ఒక్కో వరసా ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతిసారీ అది ఒక చిన్న కట్ట కట్టుకుంటుంది. ఆ కట్టల్ని తర్వాత తీరిగ్గా కలిపి పెద్దవి చేసుకుంటుంది. కలిపేదానికన్నా వచ్చేవి ఎక్కువైతే 'ఇక చాలు' అంటుంది.

కళ్లంలో పుట్టిపెరిగిన మనిషికి ఇది తట్టకపోవడమేమిటని తర్వాత అతనే నవ్వుకున్నాడు. ధాన్యాన్ని గింజ గింజా పట్టుకెళ్లి మిల్లులో ఎవరిస్తారు? బస్తాలకెత్తి, బండికెత్తి పంపిస్తారు. లక్ష వరసలకో బస్తా చేశాడు. అంతే, తెల్లారేసరికి కావలసిన రోజులన్నీ కొత్త ఇంట్లో సర్దుకున్నాయి.

ఆ రాత్రి అతను చేసిన అసలు పని ఇంకొకటుంది. కాలేజీలో రెండు రిజిస్టర్లున్నాయి. ఫైర్‌వాల్ రాసేది ఒకటి: ఏ గదిలో ఎవరు దిగారు. ఎన్‌టాప్‌ఎన్‌జీ రాసేది ఇంకొకటి: ఎవరు ఎటు వెళ్లారు. ఇన్నాళ్లూ అవి ఒకదానికొకటి తెలియని అన్నదమ్ముల్లా వేరువేరు యంత్రాల్లో పడున్నాయి. వాటిని మొదటిసారి ఒకేచోట కలిపాడు.

పాత ప్రశ్న మళ్లీ వేశాడు. రెండు సెకన్లలో పాత జవాబే వచ్చింది. 6 గంటల 50 నిమిషాలు, ఆ కుర్రాడి ఫోనే. ఈసారి చేతిలో టైముంది కాబట్టి రెండో ప్రశ్న వేశాడు. ఆ నిమిషంలో ఆ గదిలోంచి ఫోను ఎటెళ్లింది?

వచ్చిన అడ్రసు ఆ సోషల్ మీడియా సంస్థది కాదు. క్రికెట్ స్కోర్లు చూపించే సైటుది.

"ఏ టైమురా అది?"

ఇంటికొచ్చేసరికి పొద్దున్న ఏడయింది. పెద్దాయన కాఫీ తాగుతూ నోటుబుక్కు ముందేసుకుని ఉన్నారు. కొడుకు జరిగింది చెప్పాడు. ఒక రిజిస్టరు ఆ పిల్లాడే అంటోంది, ఇంకోటి కాదంటోంది. రెండూ అబద్ధం చెప్పేవి కావు. మరి?

పెద్దాయనకి పోర్టులూ డేటాబేసులూ తెలియవు. ఒకటే అడిగారు.

"ఏ టైమురా అది?"

"ఆరూ యాభై అన్నాగా నాన్నా."

"అదే, ఎవరి గడియారంలో? మా దగ్గర గేజీ దగ్గరి గడియారం, ఆఫీసు గడియారం ఒకదానికొకటి కలపకుండా ఏ అంకే రాయనిచ్చేవాళ్లు కాదు. టైము తప్పితే అది లెక్క కాదురా, కబురు."

అతను ఫోనులో ఆ ఉత్తరం ఫొటో తీసి చూశాడు. 18:50. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'యూటీసీ' అని ఉంది. యూటీసీ అంటే ప్రపంచమంతా కలిసి పెట్టుకున్న ఉమ్మడి గడియారం. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సాయంత్రం 6:50 అంటే మనకి అర్ధరాత్రి 12:20. తేదీ కూడా మారిపోతుంది! ఉత్తరం చేతులు మారుతూ వచ్చినప్పుడు ఆ మూడక్షరాలు ఎవరికీ ఆనలేదు. అతనికీ ఆనలేదు.

కాఫీ అలాగే వదిలేసి మళ్లీ కాలేజీకి పరుగెత్తాడు. మర్నాటి తేదీ, 12 గంటల 20 నిమిషాలు, అదే గది నంబరు. జవాబు మారింది. అది హాస్టల్‌దే కాదు, క్యాంపస్‌లో ఇంకోవైపునుంచి వచ్చిన కనెక్షన్. వెళ్లిన అడ్రసు చూశాడు. ఆ సోషల్ మీడియా సంస్థదే. ముందూ వెనకా ఐదేసి నిమిషాలు, అంతకుముందు రాత్రి, ఆ తర్వాతి రాత్రి... పది ప్రశ్నలు వేశాడు. పది జవాబులూ ఒకేవైపు చూపించాయి. ఆ పైసంగతి పోలీసులు చూసుకున్నారు.

లంకకుర్రాణ్ని పిలిచి ప్రిన్సిపాల్ పొరపాటైందన్నారు. తండ్రి ఏమీ అనలేదు. కొడుకు భుజంమీద చెయ్యేసి, "పద, నాన్నమ్మ నీకోసం బెంగెట్టుకుంది" అని తీసుకుపోయాడు. నెట్‌వర్క్ చూసే అతను గేటుదాకా వెళ్లి ఏదో చెప్పబోయి, చెప్పలేక ఆగిపోయాడు.

కత్తికి రెండువైపులా పదునే

కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న కొన్ని ఆదేశాలిచ్చింది. లాగ్‌లు 180 రోజులు దాచాలనీ, గడియారాలన్నీ ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సమయంతో కలపాలనీ అందులో ఉంది. రెండోది చదివినప్పుడు అదేదో చాదస్తం అనుకున్నాడట అతను. జులై తర్వాత, మొదట చేసిన పని క్యాంపస్‌లోని ప్రతి యంత్రం గడియారాన్నీ సరిచేయడమే.

కథ ఇక్కడితో అయిపోలేదు. కొత్త డేటాబేసు క్షణాల్లో జవాబిస్తుందన్న సంగతి పాకిపోయింది. ఒకాయన వచ్చి, "రాత్రి పన్నెండు దాటాక ఏ పిల్లలు ఏం చూస్తున్నారో లిస్టు ఇవ్వగలవా?" అన్నారు. ఓ తల్లి ఫోన్ చేసి, "మా అమ్మాయి ఎవరితో మాట్లాడుతోందో చెప్పు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది" అని ఏడ్చింది.

నిజానికి ఈ లాగ్‌లో మాటలుండవు. పోస్టుమాన్‌కి కవరుమీది చిరునామా తెలిసినట్టు, ఎవరు ఎటు, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే తెలుస్తుంది. కానీ ఆ కాస్త చాలదూ? అర్ధరాత్రి ఏ ఆసుపత్రి సైటు చూశారో, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారో, దేనికోసం భయపడుతున్నారో ఊహించేయొచ్చు. వెతకడం కష్టమైనన్నాళ్లూ ఆ కష్టమే పిల్లలకి కాపలా. ఇప్పుడా కాపలా పోయింది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తేల్చిచెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. అయినా కాలేజీ గదిలో కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి ఎదురుగా కనిపించేవి కోర్టులు కావు, అడిగే పెద్దమనుషులు.

అతను ఇద్దరికీ కుదరదన్నాడు. ప్రిన్సిపాల్‌ని ఒప్పించి ఓ పద్ధతి పెట్టించాడు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఉంటేనే వెతకాలి. ఇద్దరి సంతకాలుండాలి. ఎవరు ఏ ప్రశ్న వేశారో అదీ లాగ్‌లోకి ఎక్కాలి. 180 రోజులు దాటిన వివరాలు వాటంతటవే చెరిగిపోవాలి. ఇక ఏ ఒక్క జవాబుతోనూ ఏ పిల్లాణ్నీ గదిలోకి పిలవకూడదు. రెండో రిజిస్టరు కూడా అదే చెప్పాలి, గడియారం సరిచూడాలి. ఆ తర్వాతే మాట.

వరద తీసే రోజుల్లో ఓ సాయంత్రం తండ్రీకొడుకులు బ్యారేజీవైపు నడిచారు. ఎర్రనీళ్లు ఇంకా గేట్లమీద విరుచుకుపడుతూనే ఉన్నాయి. పెద్దాయన మెట్లమీది తడిచారని చూసి, జేబులోంచి నోటుబుక్కు తీసి, వాచీ చూసుకుని ఏదో రాశారు.

"తగ్గిందా నాన్నా?" అడిగాడు కొడుకు.

"ఒక్క అంకె చూసి ఎలా చెబుతాంరా? గంటాగి ఇంకోటి రాయనీ" అన్నారాయన.

ఇద్దరూ గట్టుమీద కూర్చున్నారు.